చిన్న కుక్కతో తీరవిహారం

వ్యాయామం అర్ధశక్తితోనే చేయవలెనని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో విధించాడు. నుదుట, చంకలలో పట్టే చెమట మనకు ఆ హద్దును తెలుపుతుంది. కుక్కకు చెమట పాదాల అడుగున కొద్దిగా మాత్రమే పడుతుంది. నాలుక చాచి రొప్పడమే దాని ఒంటి వేడి తగ్గే ప్రధాన మార్గం.

ఒక వేసవి ఉదయం భీమునిపట్నం తీరాన మా ఇంటి చిన్న కుక్కతో నడిచాను. తిరుగుదారిలో అది ఇసుకపై కూలబడింది. పొట్టి కాళ్ల ప్రాణి కనుక నేల వేడి నేరుగా దాని పొట్టకు సోకింది. నీడకు చేర్చి, నీటితో ఒళ్లు తడిపి, విసరి, పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లగా బ్రతికింది. శాస్త్రం చదివిన నేను నా బలాన్నే కొలుచుకున్నాను. దాని బలాన్ని కొలవలేదు.

కనుక పాఠకులు సూర్యోదయానికే బయలుదేరవలెను. చేతి వెనుకభాగాన్ని ఏడు సెకన్లు ఇసుకపై ఆనించి ఉంచలేకపోతే నడక మానవలెను. నీరు, గిన్నె వెంట ఉండవలెను. అభయారణ్యాలలోనికి కుక్కను తీసుకుపోరాదు. ఇతర అడవి దారులలో తాడు విడువరాదు. ఇల్లు చేరిన పిమ్మట చెవుల వెనుక, వ్రేళ్ల సందులలో పిడుదులను వెదకి పట్టకారుతో తీయవలెను. వాటికై కర్పూరతైలం పూయరాదు. మనకు ఔషధమైనది, ఒళ్లు నాకుకొనే కుక్కకు విషం. ద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కూడ పెట్టరాదు.

జతగా నడిచేటప్పుడు ఇద్దరిలో బలహీనమైన ప్రాణి అర్ధశక్తియే ఇద్దరికీ హద్దు.