పచ్చియాకు వాసన

హైదరాబాదు నుండి బీజాపూరునకు పోవు రహదారి మీద మొయినాబాదు దాటి చేవెళ్ల చేరువరకును, దారికి ఇరువైపుల టమాట, వంగ, చిక్కుడు, కొత్తిమీర, బంతి, గులాబి పండించు రైతులు నగరవాసులకు నిత్యము కూరలను, పూలను సమకూర్చుచున్నారు. టమాటలు కోయు స్త్రీల వ్రేళ్లకు ప్రొద్దెక్కుసరికి పసుపుపచ్చని జిగురు పట్టి, అది క్రమముగా నల్లబడి, సబ్బుతో ఎంత రుద్దినను తేలికగా వదలదు. ఆ చేతుల కంటిన ఘాటైన వాసన ఆకుల మీదను, కాండము మీదను గల సన్నని నూగులోని గ్రంథులు చిట్లుట వలన పుట్టునది. ఆకు నిజముగా చిరిగినపుడు, పురుగు దానిని కొరికినపుడు వెలువడు పచ్చివాసన వేరొకటి. గడ్డి కోసినవేళ మన నాసికకు సోకునది ఈ రెండవదే. దీనియందు ఎంత వ్యవహారము ఇమిడియున్నదో శాస్త్రజ్ఞులు గత నాలుగు దశాబ్దులలో కొంత కొంతగా తెలిసికొనుచున్నారు.

ఆకు కణముల పొరలలో 18 కర్బన పరమాణువులు గల లినోలెనికామ్లమను కొవ్వుపదార్థము ఇమిడియుండును. కొడవలి తగిలియో, పురుగు కోర పడియో కణము పగిలినంతనే, అంతవరకు ఆ కొవ్వునకు దూరముగా నుండిన ఎంజైములు దానిని చేరి, ప్రాణవాయువును జతపరచి, పిమ్మట రెండు ఖండములుగా తెగగొట్టును. అందు ఆరు కర్బన పరమాణువుల ఖండమే హెక్సెనాల్. అది మిక్కిలి తేలిక యగుటచే కొన్ని సెకండ్లలోనే గాలిలో కలియును. ఇందు కొంత భాగము హెక్సెనోల్ అను సారాయి జాతి పదార్థముగా మారును. గంటలు గడచిన కొలది టెర్పీనులు మొదలగు మరికొన్ని ద్రవ్యములు కూడ బయలుదేరును. ఇంతవరకు ఇది గాయము యొక్క రసాయనమే కాని సందేశము కాదు. చదువువారు ఉన్నపుడే అది సందేశమగును.

చదువువారున్నారని మొదట చెప్పినవారు అమెరికా శాస్త్రజ్ఞులు. 1983లో విల్లో చెట్లపై డేవిడ్ రోడ్సును, పాప్లరు, మేపుల్ మొక్కలపై ఇయాన్ బాల్డ్విన్, జాక్ షుల్జ్ అనువారును ప్రకటించిన ఫలితములను పలువురు విశ్వసింపలేదు. 1990లో ఎడ్వర్డ్ ఫార్మర్, క్లారెన్స్ రయాన్ అనువారు మన దవనమునకు జ్ఞాతియగు సేజ్‌బ్రష్ కొమ్మలను టమాట మొక్కలతోపాటు ఒకే మూసిన పాత్రలో ఉంచగా, ఏ గాయమును లేని ఆ టమాట ఆకులలో పురుగుల జీర్ణశక్తిని చెరచు మాంసకృత్తులు కూడినవి. సేజ్‌బ్రష్ నుండి వెలువడిన మిథైల్ జాస్మొనేటు దీనికి కారణమని వారు నిరూపించిరి. జాజిపూల పరిమళములోను ఆ ద్రవ్యమే కొంత కలదు.

మన తోటలకు మరింత చేరువైన పరిశోధన జపాను దేశమున జరిగినది. పొగాకు లద్దెపురుగు చేవెళ్ల రైతుకు క్రొత్తది కాదు: దాని తల్లి రెక్కలపురుగు ఆకు అడుగున గ్రుడ్లను కుప్పగా పెట్టి గోధుమవన్నె నూగుతో కప్పును; పొదిగిన పిల్లపురుగులు గుంపుగూడి పచ్చని భాగమును గోకి తిని ఆకును జల్లెడవలె చేయును; ఎదిగిన పిదప పగలు మట్టిలో దాగి రాత్రులు మేయును. ఈ పురుగు తినుచున్న టమాట మొక్కల మీదుగా వచ్చిన గాలిని ఆరోగ్యవంతమైన టమాట మొక్కలకు సోకించి, కొయిచి సుగిమోతో, జుంజి తకబయాషి మొదలగువారు 2014లో ఒక అద్భుతమును వెల్లడించిరి. గాలి సోకిన మొక్కలు అందలి హెక్సెనోల్‌ను తమలోనికి పీల్చుకొని, రెండు చక్కెరలను దానికి జోడించి, లద్దెపురుగు ఎదుగుదలకు హాని చేయు నూతన పదార్థముగా మార్చుకొనుచున్నవి. పొరుగుమొక్క దెబ్బతిన్నదని తెలిసికొనుటతో ఆగక, ఆ వార్తను మోసికొని వచ్చిన ద్రవ్యమునే ఆయుధముగా మలచుకొనుట ఇచ్చటి విశేషము. నేను చదివిన వృక్షశాస్త్ర విషయములలో ఇంతగా ఆశ్చర్యపరచినది మరియొకటి లేదు.

ఆకు గాలిని ఎట్లు పీల్చును? 2023లో సైతామా విశ్వవిద్యాలయమునకు చెందిన మసత్సుగు టొయొటా బృందము దీనిని కంటికి కనబడునట్లు చేసినది. కాల్షియము పెరిగినచోట వెలుగునట్లు మార్చిన ఆవజాతి చిన్నమొక్కపై, లద్దెపురుగులు తినుచున్న ఆకుల గాలిని ప్రసరింపజేయగా, మొదట పత్రరంధ్రముల రక్షక కణములును, పిమ్మట లోపలి కణజాలమును వెలిగినవి. రంధ్రములు ముందుగా మూసికొనునట్లు చేసిన మొక్కలలో ఆ వెలుగు తగ్గినది. ఊపిరి తీయు ద్వారములే వార్త అందుకొను ద్వారములు కూడ నన్నమాట.

ఈ వాసనను చదువు ప్రాణులలో కీటకములును కలవు. 1990లోనే టెడ్ టర్లింగ్స్, జేమ్స్ టమ్లిన్‌సన్, జో లూయిస్ అనువారు మక్కజొన్న మొలకలను పరీక్షించి, ఊరక బ్లేడుతో కోసిన ఆకు కంటె, కోసినచోట గొంగళిపురుగు నోటి ద్రవమును రాసిన ఆకు, ఆ పురుగులో గ్రుడ్డుపెట్టు చిన్న కందిరీగను ఎక్కువగా రప్పించునని చూపిరి. కనుక తన్ను గాయపరచినది కత్తియో, పురుగో మొక్కకు భేదము తెలియుచున్నది. రైతులకు బదనికలని పరిచయమైన ఆ కందిరీగలను, పురుగును చూడకమునుపే తిథివార క్రమమున మందు కొట్టు అలవాటు నిష్కారణముగా చంపుచున్నది. మొక్క తన ఖర్చుతో పిలిచిన సహాయమును మనము మన ఖర్చుతో త్రోసిపుచ్చుచున్నాము. ఈ నష్టము నన్ను మిక్కిలి బాధించుచున్నది.

ఇంత చెప్పినపిమ్మట ఒక హెచ్చరికయు అవసరము. రహదారి వెడల్పు వివాదము వలన దేశమంతట తెలియవచ్చిన చేవెళ్ల మర్రివృక్షములను తలచి, అవి పరస్పరము సంభాషించుచున్నవని ఉద్వేగముతో పలుకువారున్నారు. ఆ మహావృక్షములను కాపాడుటకు వాటి నీడయు, పక్షులును, వయస్సును చాలును. లేని మాటలను వాటికి అంటగట్టనక్కరలేదు. గాలిలోని వార్త త్వరలోనే పలుచబడును. కాలిఫోర్నియాలో రిచర్డ్ కార్బన్ బృందము చేసిన పరీక్షలలో సేజ్‌బ్రష్ పొదల మధ్య అది సుమారు 60 సెంటీమీటర్ల దూరమువరకే పనిచేసినది. అంతేకాక, కత్తిరించిన కొమ్మకు సంచి తొడిగి గాలిని ఆపగా, అదే పొదలోని తక్కిన కొమ్మలకు రక్షణ కలుగలేదు. కొమ్మకును కొమ్మకును లోపలి నాళముల సంబంధము అల్పమైనచోట, ఒకే మొక్క తన గాయమును తనకు తాను గాలి ద్వారా తెలుపుకొనవలసివచ్చుచున్నది. పొరుగుమొక్కలు వినుట అందుకు అనుబంధముగా ఏర్పడినదై యుండవచ్చును.

టమాట నారును సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్ల ఎడముతో నాటుట మన ప్రాంతమున కలదు. గాలి ద్వారా వార్త అందుటకు ఇది దగ్గరి దూరమే. జల్లెడాకు మొదట ఏ మొక్కపై కనబడునో అచ్చటనే ఆ ఆకును గ్రుడ్లతోను, పిల్లపురుగులతోను త్రుంచి నాశనము చేసినచో, చుట్టునున్న మొక్కలు అప్పటికే తమ ఆయుధములను సిద్ధపరచుకొనుచుండవచ్చును.