జొన్నసంకటియు ట్రిప్టోఫానును

"జొన్నలలో మాంసకృత్తులు బియ్యములోకంటె అధికముగా నుండగా, జొన్నసంకటి తినువారికి పెల్లాగ్రా యేల రావలె?" నని పాఠకులు పలుమారు ప్రశ్నించుచున్నారు. ఆహారమును తూకమునుబట్టి మాత్రమే కొలుచు అలవాటే యీ ప్రశ్నకు మూలము.

మాంసకృత్తులు ఇరువది ఆమినో ఆమ్లముల కూర్పు. వానిలో తొమ్మిదింటిని శరీరము తనంత తాను నిర్మించుకొనజాలదు. ముద్రణాలయమున కంపోజిటరు ముందున్న గళ్ళపెట్టెలో తక్కిన గళ్ళన్నియు నిండియుండి, రకారపు గడి యొక్కటి అడుగంటినచో, రామాయణము మాట యటుండనిండు, పెండ్లి శుభలేఖలో 'చిరంజీవి' యన్న మాటనైనను అతడు కూర్పజాలడు. మిగిలిపోయిన యక్షరములను శరీరము దాచియుంచదు. వానిలోని నత్రజనిని యూరియాగా వెడలగొట్టి, శేషమును ఇంధనముగా కాల్చివేయును. ట్రిప్టోఫాన్ అట్టి అరుదైన అక్షరము. పైగా దానిని కరిగించియే కార్యాలయపు తాళపుచెవులనుగూడ పోతపోయవలసియున్నది. నయాసిన్ అను విటమినును, మెదడులో పనిచేయు సెరటోనినును ఆ తాళపుచెవులే.

నయాసిన్ కొఱవడినపుడు వచ్చు వ్యాధియే పెల్లాగ్రా: ఎండసోకు చర్మము నల్లబడి పగులును, మెడచుట్టు హారమువలె మచ్చ యేర్పడును, విరేచనములు పట్టును, తుదకు మతి చలించును. దీనిని శాపమనియు, అంటురోగమనియు భావించి రోగులను దూరముగా నుంచిన కాలము కలదు. మచ్చను చూచి కంచములోనికి తొంగిచూడనివారికి శాపముకంటె సులభమైన సమాధానము దొరకునా? అంటువ్యాధి కాదని నిరూపించుటకు అమెరికాలో గోల్డ్‌బర్గర్ వైద్యుడు 1916లో రోగుల రక్తమును తన శరీరములోనికే ఎక్కించుకొనెను, వ్యాధి రాలేదు. పాలు, మాంసము దీనిని నివారించునని ఆయన కనుగొనెను. 1937లో ఎల్వెజెమ్ అను శాస్త్రజ్ఞుడు నికోటినిక్ ఆమ్లమే, అనగా నయాసినే, మందని తేల్చెను. అయితే ఒక చిక్కు మిగిలెను: పాలలో నయాసిన్ అత్యల్పము, అయినను పాలు త్రాగినవారికి పెల్లాగ్రా కుదురుచున్నది! పాలలోని ట్రిప్టోఫానును శరీరమే నయాసిన్‌గా మార్చుకొనుచున్నదని 1945 నాటి ఎలుకల ప్రయోగములతో విశదమయ్యెను. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి ఒక మిల్లీగ్రాము నయాసిన్ లభించును. ఈ మార్పునకు బి6 విటమిను తోడ్పాటు కావలెను.

మొక్కజొన్నయే తినువారికి పెల్లాగ్రా వచ్చు కథ యింతటితో తేలిపోవును: అందలి జీన్ అను మాంసకృత్తులో ట్రిప్టోఫాన్ దాదాపు శూన్యము. జొన్న అంతటి దరిద్రము కాదు. అయినను దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారమైన నిరుపేదలలో పెల్లాగ్రా కానవచ్చెను. హైదరాబాదులో పోషకాహార శాస్త్రజ్ఞులైన గోపాలన్, శ్రీకంఠయ్యగారలు 1960లో ఒక విచిత్రమైన వాదమును ముందుంచిరి: దోషము కొఱతలో మాత్రమే లేదు, జొన్నలో లూసిన్ అను మరియొక ఆవశ్యక ఆమ్లము మితిమీరియుండి నయాసిన్ జీవక్రియకు అడ్డుపడుచున్నది. తరువాతి ప్రయోగములు కొన్ని దీనిని సమర్థించెను, కొన్ని కాదనెను. వివాద మెట్లున్నను, ఒక ఆమ్లము మంచిచెడ్డలను దాని ప్రక్కనున్నవానితో కలిపియే చూడవలెనన్న ఆ దృష్టి నాకు మిక్కిలి ప్రీతికరము.

కనుక జొన్నను మానుకొనవలసిన పనిలేదు, ట్రిప్టోఫాన్ మాత్రలను వెదకవలసిన పనియు లేదు. సంకటిలోనికి పప్పును, చల్లను, నయాసిన్ పుష్కలముగానున్న వేరుసెనగపచ్చడిని చేర్చుకొన్నవారి నీ వ్యాధి సాధారణముగా సమీపింపదు; వట్టి సంకటితో, ఉప్పుకారముతో పూట గడపుకొనువారినే అది పట్టినది.