ఇరవై నాలుగు గంటల పొలం

పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే చాలా ఇళ్లలో అలారం అరగంట ముందే మోగుతుంది. "లే నాన్నా, తెల్లవారుజామున చదివింది బాగా గుర్తుంటుంది" అని అమ్మ లేపుతుంది. ఆ ముప్పై నిమిషాలూ చదువు ఖాతాలో చేరాయని అందరం సంతోషిస్తాం. అవి ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం అడగం.

పిల్లల రోజును ఒక పొలం అనుకుందాం. విస్తీర్ణం 24 గంటలు. అందులో నాలుగు మడులు. మొదటిది నిద్ర. రెండోది కూర్చుని గడిపే కాలం: తరగతి, హోంవర్కు, టీవీ, ఫోను, స్కూల్ బస్సు అన్నీ ఇందులోవే. మూడోది అటూ ఇటూ తిరుగుతూ, చిన్నాచితకా పనులు చేసుకునే కాలం. నాలుగోది ఊపిరి ఎగసి, చెమట పట్టేలా ఆడే కాలం. ఏ గట్టు జరిపినా పక్క మడి ఆ మేరకు తగ్గక తప్పదు.

ఇంత తేలికైన విషయమూ పరిశోధనల్లోకి ఆలస్యంగానే వచ్చింది. నిద్ర, వ్యాయామం, టీవీ వేటికవిగా లెక్కకెక్కేవి. దారి చూపిన గణితం మరో రంగం నుంచి వచ్చింది. రాయిలో ఒక ఖనిజం శాతం పెరిగితే మిగతావాటి శాతం తగ్గాల్సిందే, మొత్తం ఎప్పుడూ నూరే కాబట్టి. ఇలాంటి భాగాలను విడివిడిగా కాకుండా నిష్పత్తులుగా చూడాలంటూ స్కాట్లండ్ గణాంక శాస్త్రజ్ఞుడు జాన్ ఏచిసన్ 1980లలో ఒక పద్ధతిని తీర్చిదిద్దాడు. భూగర్భ శాస్త్రానికి ఎంతో అక్కరకొచ్చిన ఆ లెక్కే ఇప్పుడు పిల్లల దినచర్యకూ పనికొస్తోంది.

ఆస్ట్రేలియాలో 11, 12 ఏళ్ల పిల్లల చేతికి కదలికలను కొలిచే గడియారం లాంటి పరికరం కట్టి, వాళ్ల రోజు ఎలా గడుస్తోందో నమోదు చేశారు. శరీర ఆరోగ్యం, మనసు, చదువు మూడింటికీ అనువైన రోజు ఏదని ఆ లెక్కల్లో వెతికితే, మూడింటికీ ఒకే రోజు కుదరలేదు. ఒంటికి ఎక్కువ ఆట మేలు చేస్తోంది, మనసుకు ఎక్కువ నిద్ర, చదువుకు కాస్త ఎక్కువసేపు కూర్చోవడం. మూడూ వీలైనంత దగ్గరగా కలిసిన చోట తేలిన రోజు ఇది: నిద్ర 10 గంటల 21 నిమిషాలు, కూర్చోవడం 9 గంటల 44 నిమిషాలు, తేలికపాటి కదలిక 2 గంటల 26 నిమిషాలు, చెమట పట్టే ఆట 1 గంట 29 నిమిషాలు. కలిపి చూడండి, సరిగ్గా 24 గంటలు. ఇవి సగటు లెక్కలే, ప్రతి బిడ్డకూ రాసిచ్చే మందుచీటీ కాదు. కానీ కూర్చోవడం పాపమేమీ కాదనీ, ఆటా నిద్రా తీరిక దొరికితే చూసుకునే విలాసాలు కావనీ అవి చెబుతున్నాయి.

ఇక్కడే గమనించాల్సిన సూక్ష్మం ఒకటుంది. పది గంటల నిద్రలో పావుగంట పోతే పోయింది నలభయ్యో వంతు. గంట ఆటలో అదే పావుగంట పోతే నాలుగో వంతు పోయినట్టే. చిన్న మడిలోంచి తీసిన పిడికెడు మట్టి కూడా లోతైన గుంట అవుతుంది. సిలబస్ పూర్తికాలేదని ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్పడం వల్ల జరిగే నష్టం ఇదే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11–17 ఏళ్ల బడిపిల్లల్లో 81 శాతం మందికి అది దక్కడం లేదు.

ఆ గంట ఆరుబయట గడిస్తే కళ్లకూ మేలు. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడులు ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు బయటికి పంపాయి. మూడేళ్లకు ఆ పిల్లల్లో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. మామూలు టైంటేబుల్ ఉన్న బడుల్లో అది 39.5 శాతం. పగటి వెలుగు కంటి లోపలి పొరలో డోపమిన్ విడుదలను పెంచి, కనుగుడ్డు మితిమీరి సాగకుండా ఆపుతుందని శాస్త్రజ్ఞుల అంచనా.

నిద్ర మడి సంగతికొస్తే, 14–17 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి పదకొండుకు పడుకోబెట్టి, ఐదింటికి స్టడీ అవర్‌కు లేపితే దక్కేది ఆరు. "పెందలాడే పడుకోవచ్చుగా" అంటాం. యవ్వనం మొదలయ్యే వయసులో మెదడు నిద్రకు సిద్ధమయ్యే వేళే వెనక్కి జరుగుతుంది, అది బద్ధకం కాదు. 2016లో అమెరికాలోని సియాటెల్ నగరం హైస్కూళ్ల వేళను ఉదయం 7:50 నుంచి 8:45కు మార్చితే పిల్లల నిద్ర సుమారు 34 నిమిషాలు పెరిగింది.

గట్టు జరిపేది చదువూ ఫోనూ మాత్రమే కాదు. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేల మంది పిల్లల వెంట నడుస్తూ గమనిస్తున్న 'యంగ్ లైవ్స్' అధ్యయనం, నిద్ర, బడి, ఇంటిపని, పొలంపని, ఆట దేనికి ఎన్ని గంటలని వాళ్లను అడుగుతూ వచ్చింది. వయసు పెరిగే కొద్దీ ఇంటిపని బరువు అబ్బాయిల కంటే అమ్మాయిల మీద ఎక్కువ పడుతోందని అందులో తేలింది. అన్న మైదానంలో ఉన్న గంట, చెల్లి అంట్ల దగ్గర ఉంటోంది. ఒకే ఇల్లు, పంపకం వేరు.

ఈ ఆదివారం బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, నిన్నటి 24 గంటలనూ ఒక కాగితం మీద నాలుగు మడులుగా గీయండి. కొత్త ట్యూషన్ పెట్టాలన్నా, అలారం ముందుకు జరపాలన్నా ఆ కాగితం చూశాకే నిర్ణయించండి. ఆ అరగంట ఏ మడిలోంచి తీస్తున్నామో ముందు బిడ్డనే చెప్పమనండి. పొలం బిడ్డదే కదా.