వర్షపాతం సాధారణం - పంటకు నష్టం
(వాతావరణ మార్పులు, కడప జిల్లా సేద్యంపై ప్రత్యేక వ్యాసం)

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇరుగుపొరుగు ప్రాంతాలే అయినప్పటికీ, వీటి సేద్యం మూడు వేర్వేరు నీటి ఆధారాలపై నడుస్తున్నది. ప్రొద్దుటూరు పరిసరాల వరి పొలాలకు తుంగభద్ర నుంచి వచ్చే కర్నూలు-కడప కాలువ ఆధారం. జమ్మలమడుగు నల్లరేగడి భూములలో శనగ పైరు నేలలో నిలిచిన పదునుతోనే పండుతున్నది. ఒకప్పుడు వేరుశనగకు పేరొందిన పులివెందుల ప్రాంతం నేడు చీనీ, అరటి తోటలకు నిలయమై, బోరుబావులపైన, రిజర్వాయర్లలోకి ఎత్తిపోసే నీటిపైన ఆధారపడి ఉన్నది. వాతావరణంలో చోటు చేసుకుంటున్న మార్పులు ఈ మూడు ప్రాంతాలను ఒకే విధంగా తాకడం లేదు. జిల్లా మొత్తానికి ప్రకటించే ఒక్క వర్షపాతం అంకెతో ఈ తేడా తెలియదు.

2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనకు పూర్వం ఉన్న ఉమ్మడి కడప జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. ఇందులో సగానికి పైగా నైరుతి రుతుపవనాల వల్ల, మూడో వంతుకు పైగా ఈశాన్య రుతుపవనాల వల్ల లభిస్తుంది. భారత వాతావరణ శాఖ వర్గీకరణ ప్రకారం దీర్ఘకాలిక సగటుకు 19 శాతం అటూ ఇటూగా కురిసిన వర్షాన్ని "సాధారణం"గా పరిగణిస్తారు. అంటే 100 మి.మీ. కురవవలసిన చోట 81 మి.మీ. కురిసినా, 119 మి.మీ. కురిసినా నివేదికలో కనిపించే మాట ఒక్కటే. ఆ వాన ఎన్ని రోజులలో కురిసింది, రెండు వానల మధ్య ఎన్ని వారాల ఎడం ఉన్నది అన్న వివరాలు ఆ మాటలో ఉండవు. పైరుకు కావలసింది ఆ వివరాలే. విత్తిన పదిహేను రోజులకు రావలసిన వాన నలభై రోజులకు వచ్చి, లోటును ఒక్క రాత్రిలో పూడ్చివేస్తే, లెక్క సరిపోతుంది గాని పైరు తిరిగి రాదు.

ఈ విధంగా జరగడానికి శాస్త్రీయ కారణం ఉన్నది. గాలి ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అదనపు నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. వేడి గాలి నేలలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది. మేఘంగా మారి కురిసినప్పుడు ఎక్కువ నీటిని ఒకేసారి వదులుతుంది. అందువల్ల వానలు లేని రోజులు పెరగడం, కురిసిన రోజున కుండపోతగా కురియడం రెండూ ఒకే కారణం నుంచి వస్తున్నవి. ఐక్యరాజ్య సమితికి చెందిన వాతావరణ మార్పుల అంతర ప్రభుత్వ సంఘం 2021 నివేదిక ప్రకారం, 1850-1900 కాలంతో పోల్చినప్పుడు 2011-20 దశాబ్దంలో భూగోళ సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు పెరిగింది. 2024 సంవత్సరం ఒక్కదానిలో ఈ పెరుగుదల సుమారు 1.55 డిగ్రీలుగా ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది.

అయితే రాయలసీమలో వచ్చే ప్రతి కరువునూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం సరికాదు. పెద్దలు నేటికీ ధాత కరువుగా చెప్పుకునే 1876-78 నాటి క్షామం ఈ సీమను ఊడ్చిపెట్టినప్పుడు భూగోళం ఇంతగా వేడెక్కలేదు. పడమటి కనుమల చాటున ఉన్న ఈ ప్రాంతానికి నైరుతి వానలు ఎప్పుడూ అరకొరగానే అందినవి. కరువు ఇక్కడికి కొత్త కాదు. కొత్తగా వచ్చినదల్లా కరువు, వరద ఒకే ఏడాదిలో, ఒక్కొక్కసారి ఒకే పంట కాలంలో ఎదురు కావడం. 2009లో దేశవ్యాప్తంగా నైరుతి వర్షపాతం సగటులో 78 శాతానికి పడిపోయింది. 1972 తరువాత అంతటి లోటు అదే. ఆ లోటు సీజన్ ముగిసిన రెండు రోజులకే, అక్టోబర్ 2న తుంగభద్ర, కృష్ణా నదుల వరద కర్నూలు నగరాన్ని ముంచెత్తింది.

జమ్మలమడుగు: శనగకు దొరికే కొద్ది రోజులు

జమ్మలమడుగు చుట్టూ ఉన్న నల్లరేగడి నేలలకు తేమను పట్టి ఉంచే గుణం ఎక్కువ. నైరుతి చివరి వానలకు నేల తడిసిన తరువాత, చిత్త, స్వాతి కార్తెలలో, అనగా అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ మొదటి వారం వరకు శనగ విత్తుతారు. ఆ తరువాత పైరు మంచుతోను, నేల పదునుతోను, చలితోను పెరిగి జనవరి, ఫిబ్రవరి నాటికి కోతకు వస్తుంది. అదనపు నీరు దాదాపు అవసరం లేని పంట ఇది. మూడు నెలల ఈ చలికాలపు గడువే దీనికి బలమూ, బలహీనతా.

విత్తే వేళకు వాన ఎడతెరిపి లేకుండా కురిస్తే రేగడి నేలలో గొర్రు దిగదు. విత్తిన తరువాత కురిస్తే నీరు నిలిచి గింజ కుళ్లుతుంది. 2020 నవంబర్ 25 అర్ధరాత్రి పుదుచ్చేరి సమీపంలో తీరం దాటిన నివర్ తుపాను సమయంలో కడప జిల్లాలో వరి, శనగ పొలాలు నీట మునగడం ఇందుకు ఉదాహరణ. రైతు రెండోసారి విత్తుకోవచ్చును గాని, అప్పటికి డిసెంబర్ వస్తుంది. ఆలస్యంగా విత్తిన శనగ పూత, కాయ దశ ఫిబ్రవరి చివరి ఎండలకు చిక్కుతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి శక్తి తగ్గి కాయ కట్టదు. నేల ఎండి వేడెక్కినప్పుడు ఎండు వేరుకుళ్లు తెగులు విజృంభిస్తుందని హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అంటే నవంబర్‌లో పడిన అధిక వర్షం ఫిబ్రవరిలో వేడి నష్టంగా బయటపడుతున్నది. నష్టం నమోదు చేసే నాటికి తుపాను సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఈ గడువును తప్పించుకోవడానికి ఉన్న ప్రధాన సాధనం స్వల్పకాలిక రకాలు. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన జేజీ-11 రకం పాత అన్నిగెరి స్థానాన్ని ఆక్రమించి, 2000 దశకంలో రాయలసీమ శనగ సేద్యాన్ని విస్తరింపజేసింది. అనంతరం నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం యంత్రంతో కోయడానికి అనువుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 (ధీర) రకాన్ని అందించింది. కోతను రెండు మూడు రోజులలో ముగించగలగడం అకాల వర్షాల కాలంలో చిన్న లాభమేమీ కాదు.

ప్రపంచంలో పండే శనగలో సుమారు మూడింట రెండు వంతులు భారతదేశానిదే. కనుక ఇక్కడి దిగుబడి తగ్గితే ఆ ప్రభావం దేశ సరిహద్దులు దాటుతుంది. 2018 నుంచి శనగ దిగుమతిపై అధిక సుంకం విధిస్తూ వచ్చిన కేంద్ర ప్రభుత్వం, ఎల్‌నినో ఏడాది తరువాత 2024 మే నెలలో దేశవాళీ శనగపై ఆ సుంకాన్ని 2025 మార్చి వరకు పూర్తిగా ఎత్తివేసింది. ఆస్ట్రేలియా రైతులు ఆ కబురు విని శనగ వైపు మళ్లారు. జమ్మలమడుగు రైతు వాన కోసం ఎదురు చూసినట్లే, మార్కెట్టులో ఈ దిగుమతి ధరను కూడా గమనించక తప్పని పరిస్థితి ఏర్పడింది.

ప్రొద్దుటూరు: వాన ఇక్కడిది కాదు

కర్నూలు-కడప కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించగా, 1882లో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. ఉభయ జిల్లాలలో 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు గల ఈ కాలువకు సుంకేసుల వద్ద తుంగభద్ర నీరు అందాలి. ప్రొద్దుటూరు చివరి భాగపు ఆయకట్టు. అందువల్ల ఇక్కడి రైతు భవిష్యత్తును కర్ణాటకలోని పడమటి కనుమలపై కురిసే వాన నిర్ణయిస్తున్నది. ఎగువన నిల్వ చేసే చోటు కూడా తగ్గుతున్నది. నిర్మాణ సమయంలో సుమారు 133 టీఎంసీలుగా ఉన్న తుంగభద్ర జలాశయం సామర్థ్యం పూడిక వల్ల 2016 సర్వే నాటికి సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. కుండపోత వానలు ఒండ్రును ఎక్కువగా తెస్తాయి. ఆ వరదను ఆపుకొనే శక్తి జలాశయానికి తగ్గుతూ ఉంటుంది.

కాలువకు నీరు ఆలస్యమైతే నాట్లు ఆలస్యమవుతాయి. ఆగస్టు దాటి వేసిన వరి తుపానుల కాలంలో పొట్ట, కోత దశలలో ఉంటుంది. ఇది పైకి కనిపించే నష్టం. కంటికి కనిపించనిది రాత్రి ఉష్ణోగ్రత. పగలు ఆకు తయారు చేసిన ఆహారంలో కొంత భాగాన్ని రాత్రి శ్వాసక్రియలో మొక్క ఖర్చు చేసుకుంటుంది. రాత్రులు వెచ్చగా ఉంటే ఈ ఖర్చు పెరిగి గింజకు చేరేది తగ్గుతుంది. పంట కాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన క్షేత్రంలోని లెక్కల ఆధారంగా 2004లో వెల్లడించింది. భూగోళ సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గోధుమ 6 శాతం, వరి 3.2 శాతం, మొక్కజొన్న 7.4 శాతం తగ్గగలవని 2017లో వెలువడిన మరొక అంతర్జాతీయ అధ్యయనం అంచనా. ఈ రెండు అంకెలూ వేర్వేరు ఉష్ణోగ్రతలకు సంబంధించినవి కనుక ఒకదాని స్థానంలో మరొకదాన్ని వాడరాదు.

2023 ఆగస్టులో దేశ సగటు వర్షపాతం 1901 తరువాత ఆ నెలకు అత్యల్పంగా నమోదైనది. దానికి ముందే, జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతులను కేంద్రం నిషేధించింది. ప్రపంచ బియ్యం ధరలు పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరి, ఆఫ్రికా దేశాల వంటిళ్ల వరకు ఆ వేడి తగిలింది.

పులివెందుల: తగ్గిన భయం, పెరిగిన పెట్టుబడి

వేరుశనగ ఊడలు నేలలోకి దిగే దశలో పైమట్టి తడిగా ఉండాలి. ఆ రెండు మూడు వారాలు బెట్ట వస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. వరుస వర్షాభావంతో విసిగిన పులివెందుల, లింగాల, వేముల మండలాల రైతులు క్రమంగా తోటల వైపు మళ్లారు. తుంగభద్ర ఎగువ కాలువ చివరన ఉన్న పులివెందుల బ్రాంచి కాలువకు నీరు చేరని ఏళ్లలో బోర్లు లోతుకు వెళ్లినవి. గాలేరు-నగరి పథకంలో భాగమైన 26.85 టీఎంసీల గండికోట జలాశయం నుంచి 10 టీఎంసీల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు, 6 టీఎంసీల పైడిపాలెం జలాశయానికి నీటిని ఎత్తిపోయడం మొదలైన తరువాత పరిస్థితి గణనీయంగా మెరుగుపడినది. 2003లో ప్రారంభమైన సూక్ష్మసేద్య పథకం కింద అమర్చిన బిందు సేద్య పరికరాలు ఆ నీటిని ఎక్కువ విస్తీర్ణానికి అందిస్తున్నవి.

నీటి భయం తగ్గిన చోట కొత్త భయం మొదలైంది. 2025 మార్చిలో ఒక్క రాత్రి వీచిన ఈదురుగాలులు, వడగళ్లకు లింగాల మండలంలో కోతకు సిద్ధమైన అరటి తోటలు నేలకొరిగాయి. ఎండిన వేరుశనగలో రైతు కోల్పోయేది విత్తనం, దున్నకం ఖర్చు. గెల వేసిన అరటిలో కోల్పోయేది ఏడాది పెట్టుబడి, దానితో పాటు అప్పు. చీనీలో నీరు నిలిపి చెట్టును బెట్టకు గురిచేసి పూత తెప్పిస్తారు. మధ్యలో అకాల వర్షం పడితే ఆ క్రమం చెదిరి కాపు తగ్గుతుంది. రిజర్వాయరు వానలేమి నుంచి కాపాడగలదు, గాలి నుంచి కాపాడలేదు. నీటి వసతి పెరిగినంత మాత్రాన వాతావరణ ముప్పు తొలగినట్లుగా ప్రణాళికలు రూపొందించడం ఈ దృష్ట్యా పొరపాటు అవుతుంది.

లెక్కలోకి రాని నష్టం

భారత వ్యవసాయ పరిశోధన మండలి 2011లో ప్రారంభించిన నిక్రా కార్యక్రమం కింద, హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ పర్యవేక్షణలో జిల్లాల వారీ ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు సిద్ధమైనవి. వాన రెండు వారాలు ఆలస్యమైతే ఏ పంట, ఆరు వారాలు ఆలస్యమైతే ఏ పంట అన్నది వీటిలో ఉంటుంది. ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే పలు రకాల విత్తనాలను కలిపి పొడి నేలలో చల్లి, నేలను కప్పి ఉంచే పద్ధతిని రాష్ట్రంలో 2018 నుంచి అమలు చేస్తున్నారు. ఈ రంగంలో పరిశోధన, శిక్షణ కోసం జర్మనీ సహకారంతో ఇండో-జర్మన్ అకాడమీని పులివెందులలో నెలకొల్పారు.

నష్టపరిహారం విషయంలో మాత్రం నిబంధనలు వర్షపు తీరుకు ఇంకా దూరంగానే ఉన్నవి. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం 33 శాతం, ఆపైన నష్టపోయిన పంటకు హెక్టారుకు వర్షాధారమైతే రూ.8,500, నీటి వసతి ఉంటే రూ.17,000, బహువార్షిక పంటలకు రూ.22,500 చొప్పున, రెండు హెక్టార్ల పరిమితితో చెల్లిస్తారు. ఇది విత్తిన విస్తీర్ణానికే పరిమితం. చిత్త, స్వాతి కార్తెలలో వాన తెరిపి ఇవ్వక విత్తలేకపోయిన రేగడి చేనికి ఈ లెక్కలో చోటు లేదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో విత్తలేకపోయిన రైతుకు బీమా మొత్తంలో 25 శాతం చెల్లించే అవకాశం ఉన్నది. అయితే నోటిఫై చేసిన యూనిట్‌లో ఆ పంట సాధారణ విస్తీర్ణంలో మూడు వంతులకు మించి విత్తకుండా మిగిలిపోయినప్పుడే అది వర్తిస్తుంది. ఎత్తైన చేలలో సగం మంది విత్తుకొని, పల్లపు రేగడిలో మిగిలిన సగం మంది విత్తలేకపోయిన గ్రామం ఆ నిబంధన కిందికి రాదు.