మాటకు పట్టం కట్టిన ఊరు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దల మాట. దాదాపు రెండువేల నాలుగువందల ఏళ్ళ క్రితం ఒక ఊరు ఆ మాటను అక్షరాలా నమ్మింది. ఆ ఊరు గ్రీసులోని ఏథెన్స్. అక్కడ రాజు లేడు. ప్నిక్స్ అనే కొండ మీద పౌరులు వేలాదిగా కూడేవారు. "ఎవరు మాట్లాడతారు?" అని చాటింపు వేసేవారు. యుద్ధమైనా, సంధి అయినా అక్కడే చేతులెత్తి తేల్చుకునేవారు. న్యాయస్థానంలో ఎవరి వాదన వారే వినిపించుకోవాలి. కుండలో నీరు కారిపోయేలోగా ముగించాలి. తీర్పు చెప్పేది వందలమంది సాధారణ పౌరులు.

అటువంటి ఊళ్ళో మాట చేతకాకపోతే ఆస్తి పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే మాట నేర్పే గురువులకు గిరాకీ పెరిగింది. ప్రొటాగరస్, గోర్గియస్ వంటివారు ఫీజు పుచ్చుకుని పాఠాలు చెప్పారు. ప్రతి విషయానికీ ఎదురెదురుగా రెండు వాదాలు ఉంటాయన్నది ప్రొటాగరస్ సిద్ధాంతం.

మా అమ్మాయి హైస్కూలు డిబేట్ జట్టులో ఉన్న రోజుల్లో ఒకే అంశం మీద ఉదయం అనుకూలంగా, మధ్యాహ్నం వ్యతిరేకంగా మాట్లాడేది. "ఇది చదువా, అబద్ధాలాడటం నేర్పడమా?" అని మా ఆవిడ నిలదీసింది. ప్లేటోకూ ఇదే అనుమానం వచ్చింది. నాలుకకు రుచిగా ఉండే వంటకం వైద్యం కాదు, చెవికి ఇంపైన ప్రసంగం న్యాయం కాదు అన్నది ఆయన వాదన. ఐసోక్రటీస్ దారి వేరు. గొంతు బలం లేక సభల్లో మాట్లాడని ఈయన, మాట నేర్పే బడి మాత్రం పెట్టాడు. చక్కగా మాట్లాడాలంటే ముందు చక్కగా ఆలోచించాలి, ఊరి మంచిచెడ్డలు పట్టించుకోవాలి అని బోధించాడు.

మాట విలువ ఎంతో ఒక్క సంఘటన చాలు చెప్పడానికి. క్రీ.పూ. 427లో, తిరుగుబాటు చేసిన మిటిలీని నగరంలో మగవాళ్ళందరినీ చంపాలని, ఆడవారినీ పిల్లలనూ బానిసలుగా అమ్మాలని ఏథెన్స్ సభ కోపంలో తీర్మానించింది. ఆజ్ఞతో ఓడ బయలుదేరింది. తెల్లవారాక మనసులు కలతపడి సభ మళ్ళీ కూడింది. తీర్మానం మార్చరాదని క్లియోన్ గర్జించాడు. కోపం, తొందర మంచి ఆలోచనకు శత్రువులని, అందరినీ చంపితే మనకే నష్టమని డయోడొటస్ నచ్చజెప్పాడు. స్వల్ప తేడాతో ఆయన నెగ్గాడు. రెండో ఓడ తెడ్లు వేసేవారు వంతులవారీగా నిద్రపోతూ, తెడ్డు వదలకుండానే తింటూ సాగి, సరిగ్గా వేళకు చేరారు. తిరుగుబాటు నాయకులకు మరణం తప్పలేదు గాని ఊరు బతికింది.

ఇక మనలాంటి వలసవాసులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. వక్తృత్వంపై మూడు భాగాల గ్రంథం రాసిన అరిస్టాటిల్‌కు ఏథెన్స్‌లో ఓటు లేదు! ఆయన పరదేశి. అటువంటివారిని 'మెటిక్'లు అనేవారు. వారికి ఒక పౌరుడు స్పాన్సరుగా ఉండాలి, ఏటా ప్రత్యేక పన్ను కట్టాలి, యుద్ధానికి వెళ్ళాలి. సభలో మాత్రం నోరెత్తరాదు. స్త్రీలకూ బానిసలకూ అంతే. మాటకు పట్టం కట్టిన ఊరే ఇంతమంది నోళ్ళు కట్టేసింది. మెటిక్ అయిన లిసియస్ ఇతరులకు ప్రసంగాలు రాసిచ్చి పేరు పొందాడు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు కూడా వైద్యశాస్త్రానికి అంత సేవ చేసి, 1948లో అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు. గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడినవారికి ఈ కథ వేరే చెప్పాలా?

అరిస్టాటిల్ ప్రసంగాలను మూడు రకాలుగా విభజించాడు: జరిగినదానిపై తీర్పు కోరేవి, జరగబోయేదానిపై ఆలోచన చెప్పేవి, పొగిడేవి లేదా తెగిడేవి. మన సంఘాల సభల్లో మూడోదానికి కొదవ లేదు. శాలువాలు, సన్మానాలు, వందన సమర్పణలు! రెండోది మాత్రం కరువు. అలాగని ఆ కళ మనకు కొత్తా? హార్మోనియం శ్రుతిలో శ్రీకృష్ణ రాయబారం విని పెరిగినవాళ్ళం. అయితే కౌరవ సభలో విన్నవారెందరున్నా నిర్ణయం దుర్యోధనుడిదే. ఏథెన్స్‌లో విన్నవాడే న్యాయనిర్ణేత. కాబట్టి వినడం కూడా అక్కడ ఒక విద్యే.

మన పిల్లలు స్పెల్లింగ్ పోటీల్లో గెలుస్తుంటే పొంగిపోతాం. పొంగవలసిందే. కానీ పదం తెలియడం ఒకటి, నలుగురిలో నిలబడి ఆ పదాన్ని ఒక న్యాయం కోసం వాడటం ఇంకొకటి. మా ఊరి స్కూలు బోర్డు సమావేశంలో పేరు రాసిచ్చిన ఎవరికైనా మూడు నిమిషాలు ఇస్తారు. పౌరసత్వం అడగరు. అరిస్టాటిల్‌కు దొరకని ఆ మూడు నిమిషాలు మనకు దొరికాయి. అయినా ఆ గదిలో తెలుగు ముఖాలు అరుదు. బడిలో ఏం జరిగినా ఫోన్లలో మనలో మనమే వాపోతాం.

అందుకే నాదొక మనవి. వచ్చే పండుగ కార్యక్రమంలో ఒక పాటో, ఒక నృత్యమో తగ్గినా ఫరవాలేదు. ఒక అరగంట మన పిల్లలకు తెలుగులో చర్చావేదిక పెడదాం. అంశం ఊరికి సంబంధించినది కావాలి. ఎవరు చప్పట్లు కొట్టించుకున్నారని కాక, ఎవరి మాట విని మన అభిప్రాయం మారిందని చేతులెత్తి చెబుదాం. ఆ మర్నాడు పెద్దలం స్కూలు బోర్డు సమావేశం తేదీ కనుక్కుందాం.