రిమ్ము పెద్దగైతే స్విఫ్ట్ స్పోర్ట్స్ కారైతదా?

మొన్న ఎండాకాలంల మా అన్న కొడుకు చిట్టీ ఎత్తి, తన 2012 స్విఫ్ట్‌కు 17 ఇంచుల అలాయ్ రిమ్ములు ఏయించిండు. మంచిగనే కొట్టొచ్చింది. నేను గూడ పక్కన నిలబడి ఫోటో దిగిన. నెల తిరగకముందే, రాత్రిపూట పెండ్లికి పోయొస్తుంటే కల్వర్టు కాడ గుంతల పడ్డది. ముందటి రిమ్ము పగిలి గాలి ఒక్కపారే పోయింది. ఎనుక సీట్ల మా వదినె ఉన్నది. స్పీడు తక్కువుండెగాబట్టి అందరు సల్లంగ ఇల్లు చేరిన్రు. రిమ్ములమ్మినాయనను అడిగితే "రోడ్డు బాగలేకుంటె నేనేం జేస్త?" అన్నడు.

ఆయన మాట సగం నిజం. మిగిలిన సగం టైరు మీదనే రాసి ఉంటది. మనమే సదువుతలేం. నేను మెకానిక్‌ను గాదు. ఆ సంఘటన అయినంక టైర్ల కాడ కూసొని, కాయితం పెన్ను పట్టుకొని నేర్చుకున్న లెక్క ఇది. తమ్ముళ్లారా, పైసలు పెట్టకముందే ఒక్కసారి సదువుండ్రి.

మామూలు స్విఫ్ట్ టైరు మీద 165/80 ఆర్ 14 అని ఉంటది. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లల్ల. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పుల 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. 14 అంటే రిమ్ము ఇంచులు. ఇంచుకు 25.4 మిల్లీమీటర్ల లెక్కన రిమ్ము 355.6. కింద మీద రెండు గోడలు కలిపితే చక్రం మొత్తం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు.

అసలు సూత్రం ఒక్కటే. రిమ్ము మారినా ఈ 620 మారొద్దు. మారినా 3 శాతం లోపలే ఉండాలె. ఎందుకంటె స్పీడు మీటరు, గేర్లు అన్నీ ఈ ఎత్తును బట్టే పెట్టి ఉంటయి. 215/50 ఆర్ 17 ఏసినవనుకో, ఎత్తు 647 అయితది. మీటరు ముందుకంటె 4 శాతం తక్కువ సూపెడతది, పికప్ పడిపోతది, స్టీరింగ్ తిప్పితే టైరు లోపల రాసుకునే ప్రమాదం ఉంటది.

నిజమైన స్పోర్ట్స్ కారోళ్లు ఏం జేస్తరో సూడుండ్రి. 1990 మోడల్ మాజ్డా మియాటా అని రెండు సీట్ల జపాన్ కారున్నది. కంపెనీ టైరు 185/60 ఆర్ 14. అమెరికాల దాన్ని పోటీలల్ల తోలేటోళ్లల్ల చానమంది 15 ఇంచులకే పోతరు, 195/50 ఆర్ 15 ఏస్తరు. పాత ఎత్తు 577.6, కొత్తది 576. తేడా రెండు మిల్లీమీటర్లు లేదు. రిమ్ము పెద్దగైతే బరువు పెరుగుతది, కారు మందమైతదని వాళ్లకు ఎరుక. షోకు కోసం 17కు ఎగబడేది మనమే.

మావోనికి ఏసింది 205/45 ఆర్ 17. ఎత్తు లెక్కల 616, సరిపోయింది. మరెందుకు పగిలింది? పక్క గోడ 132 నుంచి 92కు పడిపోయింది. గుంత దెబ్బను మింగేది ఆ గోడల ఉన్న రబ్బరు, గాలే. నాలుగు సెంటీమీటర్లు తీసేస్తే దెబ్బ సీదా రిమ్ముకే తాకుతది.

మరి ఏది ఏయాలె? అదే స్విఫ్ట్ టాప్ మోడల్‌కు కంపెనీయే 185/65 ఆర్ 15 ఇచ్చింది. ఎత్తు 621.5, గోడ 120. షోకు తీరుతది, గోడ మిగులుతది, పాత స్టెప్నీ గూడ ఎత్తుల సరిపోతది. ఏ కారైనా ఇదే దారి, నీ మోడల్ టాప్ వేరియంట్‌కు ఏ సైజు వచ్చిందో ముందు కనుక్కో.

దుకాణంల ఇంకో నాలుగు అడుగు. ఒకటి, నట్ల వలయం. స్విఫ్ట్‌కు నాలుగు నట్లు, 100 మిల్లీమీటర్లు. రెండు, రిమ్ము ఎనుక ఈటీ అని ఉండే ఆఫ్‌సెట్ అంకె. పాతదానికి దగ్గరుండాలె, బాగ తగ్గితే చక్రం బయటికొచ్చి బేరింగు మీద భారం పడతది. మూడు, బరువు అంకె. 85 అంటే ఒక్క టైరు 515 కిలోలు మోస్తది, అంతకు తగ్గొద్దు. నాలుగు, తయారైన తేదీ. 2319 అని ఉంటే 2019ల 23వ వారం అని. కొత్త టైరని పాతది అంటగడితే అక్కడ్నే దొరుకుతది.

చట్టం గూడ యాదికుంచుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దంటది. 2019 జనవరిల సుప్రీంకోర్టు అదే మాట చెప్పింది. మెల్కగ లేకుంటె రేపు ఇన్సూరెన్సోళ్లతోని పంచాయితి నీకే.

గుంత పూడ్చుమని మేం మండలాఫీసుల దరఖాస్తు పెట్టినం, మళ్లీ అడుగుతం. అది మన హక్కు. కానీ అది పూడేదాంక కారుల కూసున్న అమ్మకు, గుంతకు నడుమ ఉండేది ఆ రబ్బరు గోడే. మావోడు 17 ఇంచుల రిమ్ములు సగం ధరకు అమ్ముకున్నడు. చిట్టీ కిస్తీలు మాత్రం ఇంకా కడుతున్నడు.