పాత వెబ్లీనా, కొత్త వెబ్లీనా? పేరు ఒకటే, వస్తువు ఒకటేనా?

ఈ ఎపిసోడ్ ప్రత్తిపాడులో మా వసారాలోనే షూట్ చేశాం. వెనకాల మిరపకాయల టిక్కీలు కనపడుతున్నాయి, అందుకే మధ్యమధ్యలో తుమ్ములు. ఎడిట్‌లో కొన్ని తీసేశాను, కొన్ని ఉండిపోయాయి. సర్దుకోండి.

విషయం ఎక్కడ మొదలైందంటే, మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. వరసకి పెదనాన్న. ఆయన దగ్గర లైసెన్స్ ఉన్న పాత .32 వెబ్లీ రివాల్వర్ ఉంది, ఇంగ్లండ్‌లో తయారైంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పడం, అయ్యాక తెచ్చుకోవడం, అంతకుమించి దానికి పనేం లేదు. ఇప్పుడు వాళ్ళబ్బాయి, "నాన్నా, అది అమ్మేద్దాం, అదే కంపెనీ కొత్తది ఇండియాలోనే చేస్తోందట" అంటున్నాడు. పెదనాన్న నన్ను పిలిచి, "ఒరే అబ్బాయ్, నువ్వు ఇంజినీర్‌వి గదా, రెండూ ఒకటేనా చెప్పు" అన్నారు. నేను చదివింది బీటెక్, చేసింది కోడింగ్. అయినా అడిగారు కాబట్టి కూర్చుని చదివా.

ముందు కథ. వెబ్లీ అంటే బర్మింగ్‌హామ్ కంపెనీ. బ్రిటిష్ సైన్యం వాళ్ళ మార్క్ 1 రివాల్వర్‌ని 1887లో తీసుకుంది. దీని ప్రత్యేకత మధ్యలో విరవడం. పైన ఉన్న లాచ్ బొటనవేలితో నొక్కితే బ్యారెల్ కిందికి వాలుతుంది, ఖాళీ తూటా గొట్టాలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. లోడ్ చేయడం చాలా తేలిక. కాకపోతే ఫ్రేమ్ ఒకే ముక్క కాదు. కింద కీలు, పైన లాచ్, కాల్చినప్పుడు పడే ఒత్తిడంతా ఆ రెండింటి మీదే. అవి అరిగితే బ్యారెల్ కొద్దిగా ఊగుతుంది. ఏళ్ళ తరబడి వాడిన వెబ్లీలో ముందు చూడాల్సింది అదే, పైన మెరుపు కాదు.

ఇక మన దేశంలోకి వద్దాం. కాన్పూర్‌లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వాళ్ళు చేసే .32 రివాల్వర్ వెబ్లీ మార్క్ 4 డిజైన్ నుంచి వచ్చిందే. 2014లో వచ్చిన "నిర్భీక్" కూడా ఆ వంశమే. టైటానియం అలాయ్‌తో బరువు అర కేజీకి దించారు. 2020లో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతోనే ఉత్తరప్రదేశ్ హర్దోయ్ జిల్లా సండీలాలో తయారీ మొదలైంది. అప్పట్లో వార్తల్లో చెప్పిన ధర సుమారు 1.6 లక్షలు.

అన్నీ .32 ఎందుకు? మార్క్ 4 సైన్యానికి చేసింది .38లో. మన దేశంలో ఆ సైనిక సైజులు మామూలు లైసెన్స్‌కి రావు, "ప్రొహిబిటెడ్ బోర్" కిందికి వస్తాయి. అందుకని రూపం మార్క్ 4, తూటా మాత్రం .32. పాత .38 బుల్లెట్ 200 గ్రెయిన్లు, అంటే దాదాపు 13 గ్రాములు. .32ది మామూలుగా 98 గ్రెయిన్లు, అందులో సగం. మా భాషలో చెప్పాలంటే స్క్రీన్ అదే, వెనక సర్వర్ వేరే. మిలిటరీ వెబ్లీకి ఉన్న పేరుని చూసి కొత్తది కొంటే, ఆ పేరు తెచ్చిన తూటా ఇందులో ఉండదు. పెదనాన్నది కూడా .32 కాబట్టి ఆయన విషయంలో మాత్రం పోలిక సమానమే.

"పాతది గట్టి, కొత్తది డొల్ల" అని మనవాళ్ళు బైకుల దగ్గర్నుంచి అన్నిటికీ అంటారు. నేను ఒప్పుకోను. రెండో ప్రపంచ యుద్ధంలో హడావిడిగా చేసిన వెబ్లీల మీద "వార్ ఫినిష్" అని ముద్రే కొట్టారు. పైన నునుపు చేసే టైమ్ లేదని కంపెనీయే ఒప్పుకున్నట్టు లెక్క. శాంతి కాలంలో చేసినవాటి పనితనం వేరు. చేత్తో సరిచేసిన ట్రిగ్గర్ మెత్తగా వెళ్తుంది. మన ఫ్యాక్టరీ రివాల్వర్ల మీద ఎక్కువగా వినపడే ఫిర్యాదు కూడా అదే, ట్రిగ్గర్ బరువని.

మరి పాతవాటికి లక్షలు ఎందుకు పలుకుతున్నాయి? 1980ల మధ్యలో మామూలు పౌరులకి విదేశీ తుపాకుల దిగుమతి ఆపేశారు. సరుకు పెరగదు, అడిగేవాళ్ళు పెరుగుతారు. మన యార్డులో పాత నిల్వ మిర్చికి ఒక్కోసారి రేటు వచ్చినట్టే. ఆ ధరలో కొంత పనితనానిది, ఎక్కువ కొరతది.

బయట దేశాల్లో ఇంకో రకం కాపీలున్నాయి. మా నాన్న తరానికి రివాల్వర్ అంటే మన బుర్రిపాలెం కృష్ణ గారు, 1971 "మోసగాళ్ళకు మోసగాడు". కౌబాయ్ కథలన్నిటికీ గుర్తు 1873 కోల్ట్. దాన్ని ఇటలీలో ఉబెర్టీ కంపెనీ అచ్చం అలాగే చేస్తుంది. పాత కోల్ట్‌లో ఆరు గదులున్నా ఐదే నింపి, సుత్తి కింద గది ఖాళీగా ఉంచేవాళ్ళు. లేకపోతే కింద పడితే పేలేది. తొలి కోల్ట్‌లు నల్లమందు కోసం చేసినవి, ఇప్పటి మందు ఒత్తిడికి కాదు. అక్కడ కాల్చడానికి కాపీయే నయం, అసలుది అద్దాల బీరువాలో అందం.

అన్నిటికన్నా భయపెట్టింది ఇది. అమెరికాలో పాత .455 వెబ్లీల సిలిండర్ వెనక కొంత అరగదీసి .45 ఏసీపీ తూటాలు పట్టేలా చేశారు. పడతాయి, కాలుస్తాయి కూడా. కానీ ఆ తూటా ఒత్తిడి ఆ రివాల్వర్‌ని పరీక్షించిన ఒత్తిడిని మించుతుంది. పట్టింది కదా అని దానిదే అనుకోకూడదు.

పెదనాన్నకి ఇదంతా చెప్పా. ఆయన తాళం తీసి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, విరిచి, మళ్ళీ మూసి బ్యారెల్ కదిపి చూశారు. ఊగలేదు. "అయితే అమ్మేది లేదు" అన్నారు. వాళ్ళబ్బాయి మొహం చిన్నబోయింది. అతనికి చెప్పిందేంటంటే, లైసెన్స్‌దారుకి 70 ఏళ్ళు దాటినా, తుపాకి 25 ఏళ్ళుగా ఆయన దగ్గరున్నా, వారసుడు తన పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెదనాన్నకి రెండూ వర్తిస్తాయి. సోమవారం ఇద్దరూ కాగితాలు పట్టుకుని గుంటూరు వెళ్తున్నారు.